నచ్చలేదని సంతకం

మంత్రిగారు ఒకనాడు భోజనం చేసి ఫోన్లో పాత సినిమా పాటలు చూస్తుండగా, ప్రతి పాట కిందా ఎవరో ఒకరు "దీనికి రావలసినంత పేరు రాలేదు" అని రాయడం గమనించారు. పది పాటలు చూశారు. పదింటికీ రావలసినంత పేరు రాలేదు. రాష్ట్రంలో ఇంత అన్యాయం జరుగుతుంటే తాను పెరుగన్నం తిని కూర్చోవడమేమిటని ఆయన మనసు కలుక్కుమంది. సాయంత్రానికి ప్రకటన వెలువడింది. నెలకి జీవో వచ్చింది. మూడో నెలకల్లా విజయవాడ బందరు రోడ్డు మీద మూడంతస్తుల భవనంలో రాష్ట్ర అనాదృత కళాసంపద సంరక్షణ మండలి వెలిసింది. పేరు రాని కళలకి పేరు తేవడం దాని పని.

ఏ పనికైనా ముందు నిర్వచనం ఉండాలి కదా. మండలి కార్యదర్శి చక్రధరబాబు గారు నలభై రోజులు శ్రమించి నాలుగో నిబంధన రాశారు: "ఏ కృతిని ఏ వ్యక్తియు మెచ్చుకొని యుండలేదో సదరు కృతి అనాదృతమనబడును." అందులో తప్పేమీ లేదు. దాని వెనకే ఐదోది దానంతటదే వచ్చింది: మెచ్చుకోబడిన కృతి మండలి పరిధిలోకి రాదు. ఐదు వచ్చాక ఆరు ఆగుతుందా? మండలి పరిధిలో ఉన్న కృతిని ఎవరూ మెచ్చుకోకుండా చూచుట మండలి విధి అయి కూర్చుంది.

ఈ నిబంధనలేవీ చదవకుండా బందెల ఏలీషా మండలి మెట్లెక్కాడు.

ఏలీషాకి డెబ్బై నాలుగేళ్ళు. గుడివాడ చర్చిలో నొటేషన్ చదవడం నేర్చుకుని, మద్రాసు వెళ్ళి, సినిమా వాద్యబృందాల్లో ముప్పై ఏళ్ళు డబుల్ బేస్ వాయించాడు. డబుల్ బేస్ అంటే మనిషెత్తు వయొలిన్. నిలబడి వాయించాలి. జనం దాన్ని చూస్తారు గాని వెనక ఉన్న మనిషిని చూడరు. ఇప్పుడాయన చంకలో ఒక బిస్కెట్ల డబ్బా ఉంది. డబ్బాలో టేపు స్పూలు, ఆ స్పూలులో ముప్పై ఒక్క నిమిషాల సంగీతం.

అది "నీలం సూట్‌కేసు" అనే గూఢచారి సినిమాకి చేసిన నేపథ్య సంగీతం. సినిమా 1972లో వచ్చి తొమ్మిది రోజులు ఆడింది. ఎనిమిదికే ఎత్తేసేవారు, తర్వాతి సినిమా పెట్టె రైల్లో ఆలస్యమైంది. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని విశాఖ హార్బరంతా పరుగెత్తిన హీరో దేనికి పరుగెత్తాడో రాసినవాడికే తెలియదని అప్పట్లో అనుకున్నారు. సంగీతం మాత్రం వేరే సంగతి. దాన్ని చేసిన చెరుకుమిల్లి త్రివిక్రమం మాస్టారు నలభై ఇద్దరు వాద్యకారుల్ని కూర్చోబెట్టారు. వయొలిన్లకి చర్చిల్లో నేర్చుకున్నవాళ్ళు, ఊదే వాద్యాలకి పోలీసు బ్యాండు నుంచి సెలవు మీద వచ్చిన ముగ్గురు హెడ్ కానిస్టేబుళ్ళు. రెండే కాల్షీట్లలో పూర్తి చేశారు. తీరా థియేటర్లో చూస్తే సంగీతం మీద కారు చప్పుడు, కారు చప్పుడు మీద హీరో డైలాగు. నిర్మాతకి డైలాగు వినపడాలి. నలభై ఇద్దరి కష్టం దోమల రొదగా మిగిలింది. రికార్డింగు గదిలో విన్నదే విన్నది, మాస్టారు తన సంగీతాన్ని మళ్ళీ వినలేదు.

స్టూడియో మూసేసేటప్పుడు పాత సామాను కుప్పలోంచి ఏలీషా ఆ స్పూలు ఏరి తెచ్చుకున్నాడు. దాన్ని తిప్పే మిషను మాత్రం ఎక్కడా దొరకలేదు. మండలి వారు అలాంటి మిషను ఒకటి తెప్పించారని పేపర్లో చదివి వచ్చాడు. తొందరెందుకంటే, మాస్టారికి ఎనభై ఎనిమిదేళ్ళు. సత్యనారాయణపురంలో మేనకోడలి దగ్గర ఉంటున్నారు. ఎడమ చెవి పదేళ్ళ కిందటే పోయింది. కుడి చెవి గురించి డాక్టరు ఉన్నమాట చెప్పేశాడు: "దసరా దాకా లాగుతుంది. ఆ తర్వాత నా పూచీ లేదు." ఇది జూలై. ఆ చెవి మూతపడేలోగా ఆ ముప్పై ఒక్క నిమిషాలూ ఒక్కసారి వినిపించాలి. ఏలీషాకి ఇంకో కోరిక లేదు.

సూపరింటెండెంటు వరహాలు గారిది విజయనగరం. మనిషి మంచిదే, ఉద్యోగం అలాంటిది.

"ఏటండీ తెచ్చారు?"

"సంగీతమండీ. అసలు ఎంత గొప్పగా ఉంటదంటే—"

ఆవిడ చటుక్కున లేచి తలుపు మూసింది. "మెల్లగా బాబూ! ఇక్కడ అలాటి మాటలాడకండి. ఎవరి చెవినన్నా పడితే ఫైలు పోద్ది."

దరఖాస్తు ముందుకు తోసింది. పదమూడో గడిలో "సదరు కృతిపై దరఖాస్తుదారుని అభిప్రాయము" అని ఉంది.

"ఇక్కడేం రాయమంటారు?"

"అందరూ 'ఏమంత లేదు' అని రాస్తన్నారండి. మొన్నొకాయన తాతగారి హరికథ టేపు తెచ్చి 'శుద్ధ చెత్త' అని రాశాడు. ఆయన్ని ముందు వరసలో పెట్టాం."

ఏలీషా పెన్ను పట్టుకుని తలెత్తి చూశాడు. గాజు తలుపు వెనక మిషను కనపడుతోంది. దాని మీద కప్పిన ప్లాస్టిక్కు కూడా ఇంకా తీయలేదు. అబద్ధమాడటం పాపమని ఆదివారం బడిలో పిల్లలకి చెప్పే మనిషి, "ఏమంత లేదు" అని రాసి, మనసులో ప్రభువుకి క్షమాపణ చెప్పుకుని సంతకం పెట్టాడు. స్పూలుకి లక్కముద్ర వేసి ఇనప బీరువాలో పెట్టి రసీదిచ్చారు.

రెండు వారాలు చూసి, ఒకసారి వినిపించండని అడగడానికి వెళ్ళాడు. ఫైలు కార్యదర్శి దగ్గరుందన్నారు. చక్రధరబాబు గారు జీవోలు ఎలా రాస్తారో అలాగే మాట్లాడతారు. ఇంట్లో కాఫీ కూడా అలాగే అడుగుతారని ప్రతీతి.

"చూడండి ఏలీషా గారూ. సదరు కృతి వినబడినచో మెచ్చుకొనబడు ప్రమాదము కలదు. మెచ్చుకొనబడినచో అనాదృత హోదా కోల్పోవును. హోదా కోల్పోయిన పిదప మేము కాపాడవలసినది ఏమున్నది?"

"అయ్యా, పేరు రానివాటికి పేరు తెస్తామన్నారు గదండీ?"

"తప్పక తెత్తుము. ముందు కాపాడవలెను. పులిని కాపాడుటకు అడవిలోకి జనమును తోలుదుమా?"

"పులైతే జనాన్ని తింటదండి. ఇది పాటేగా."

"వినినవాడు ఊరకుండునా? పదిమందికి చెప్పును. అది అంటువ్యాధి." ఆయన గొంతు తగ్గించారు. "గత మాసమున హరికథ టేపు బీరువాలో పెట్టు సమయమున మా ప్యూను ఒకడు పొరపాటున రెండు నిమిషములు వినినాడు. 'భలే ఉంది' అన్నాడు. సస్పెన్షనులో నున్నాడు."

"అయితే నా స్పూలు నాకిచ్చేయండి. నేను రాసింది అబద్ధం. నాకది ప్రాణమండీ."

కార్యదర్శి జాలిగా చూశారు. "ఆ మాట కాగితముపై పెట్టినచో తప్పుడు ధ్రువీకరణ కేసు. స్పూలు కేసు ప్రాపర్టీగా కోర్టు గోదామునకు పోవును. అచ్చట నున్న ఎడ్లబండ్లు కూడ ఇంకను బయటికి రాలేదు."

ఏలీషా ఇంటికొచ్చాడు. ఆగస్టు వచ్చింది. మెప్పు నివారణ విభాగం అని ఒకటి కొత్తగా ఏర్పడి, మండలి పరిధిలోని కృతుల యజమానుల మీద నిఘా మొదలుపెట్టింది. ఆదివారం ఆరాధనలో వెనక బల్ల మీద ఒక కొత్త మనిషి పుస్తకం పట్టుకుని కూర్చున్నాడు. ఆత్మల రక్షణ కోసం వచ్చాడనుకుని పాస్టరు గారు సంతోషించారు. చర్చిలో కీర్తనలకి బేసు వాయించేది ఏలీషాయే; కీర్తనకీ కీర్తనకీ మధ్య ఆయన వేళ్ళు అలవాటు కొద్దీ తీగెల మీద సూట్‌కేసు సంగీతంలో నాలుగు మెట్లు ఎక్కి దిగాయి. సోమవారం నోటీసు వచ్చింది: "తమరు పవిత్ర స్థలమునందు తమ వ్రేళ్ళతో సదరు కృతిని ఆనందించినట్లు తెలియవచ్చినది."

మాస్టారింటికి వెళ్ళినప్పుడల్లా ఆ కుడి చెవి పక్కన కూర్చుని గట్టిగా మాట్లాడేవాడు. వారం వారం ఇంకొంచెం గట్టిగా మాట్లాడాల్సి వస్తోంది.

ఇంతలో మండలికి ఆడిట్ వారొచ్చారు. ఆడిట్ వారికి కళ అంటే ద్వేషమూ లేదు, ప్రేమా లేదు. వాళ్ళు అడిగింది ఒక్కటే ప్రశ్న: "వినకుండా, చూడకుండా ఇవి అనాదృతమని ఎట్లు నిర్ధారించితిరి?" చక్రధరబాబు గారికి మూడు రోజులు అన్నం సహించలేదు. వినిపించాలి, కానీ ఎవరూ మెచ్చుకోకూడదు. నాలుగో రోజున ఆయనకి మెరుపు మెరిసింది. నిరాసక్త శ్రోతల సంఘం! సంగీతమంటే గిట్టని ఐదుగుర్ని ఎంపిక చేసి, వాళ్ళకి ప్రతి కృతినీ వినిపించి, నచ్చలేదని సంతకం తీసుకోవాలి. మొదటి శ్రవణానికి "నీలం సూట్‌కేసు"ని నిర్ణయించారు.

ఇంటర్వ్యూలు జోరుగా జరిగాయి. తూనికలు కొలతల శాఖ నుంచి వచ్చిన ఒకాయన్ని, చివరిసారి పాట ఎప్పుడు విన్నారని అడిగారు.

"బస్సులో అండి. దిగి ఇంకో బస్సెక్కాను."

అక్కడికక్కడే తీసుకున్నారు. అలాంటి ఆణిముత్యాలు ఇంకో ముగ్గురు దొరికారు. ఐదో స్థానం దగ్గర చిక్కొచ్చింది. రిజర్వేషన్ రోస్టరు ప్రకారం ఆ స్థానం వినికిడి లోపం ఉన్నవారికి కేటాయించారు. చక్రధరబాబు గారికి పట్టరాని సంతోషం కలిగింది. సంగీతం మెచ్చుకోకుండా ఉండడానికి ఇంతకన్నా అర్హత ఏముంటుంది?

నోటీసు బోర్డు మీద ఆ ప్రకటన చదివి ఏలీషా రెండేసి మెట్లు ఒకేసారి దిగి సత్యనారాయణపురం పరుగెత్తాడు. మాస్టారి దగ్గర డెబ్బై రెండు శాతం చెవుడని సర్టిఫికెట్టు ఉంది. దరఖాస్తులో "కృతితో సంబంధమేమైనా కలదా" అన్న గడి దగ్గర ఆగాడు గాని, అక్కడా దేవుడు మేలే చేశాడు. సినిమా టైటిల్స్‌లో మాస్టారి పేరు వేయలేదు. "సంగీతం: బొల్లాప్రగడ సుందరకుమార్" అని వేశారు. సుందరకుమార్ నిర్మాతగారి బావమరిది. బావమరిదికి ఏదో ఒకటి చేసి పెట్టమని ఇంట్లో పోరు పడలేక, మిగిలిన శాఖలన్నీ నిండిపోవడంతో, నిర్మాత అతనికి సంగీతం ఇచ్చాడు. ఆ దుర్మార్గానికి ఏలీషా యాభై రెండేళ్ళుగా పళ్ళు కొరుకుతూనే ఉన్నాడు. ఇన్నాళ్ళకి అదే అక్కరకొచ్చింది. మండలి రికార్డుల్లో త్రివిక్రమం ఎవరో ఎవరికీ తెలియదు.

"కానీ ఒక్కటి మాస్టారూ," కుడి చెవిలో అరిచాడు. "పదకొండో రూలు. వింటన్నప్పుడు ఎవరన్నా తల ఊపినా, కాలు కదిపినా, కళ్ళు తడైనా మిషను అక్కడికక్కడే ఆపేస్తారు. ఆపేసి స్పూలు శాశ్వతంగా సీలు చేస్తారు."

"నా పాటకి నేను తల ఊపకూడదా?"

"ఊపారా, ఇంక లేదు."

మాస్టారు శాలువా అందుకున్నారు. "నలభై ఇద్దర్ని కదలనిచ్చేవాణ్ణి కాదు టేకులో. నేనొక్కణ్ణి కదలకుండా ఉండలేనా? పద."

సెప్టెంబరు మూడో వారంలో శ్రవణం జరిగింది. హాలులో ఐదు కుర్చీలు, ఎదురుగా రెండు స్పీకర్లు, గోడ వారగా మెప్పు నివారణ ఇన్‌స్పెక్టరు, పక్కన కార్యదర్శి, మిషను దగ్గర వరహాలు గారు. ఏలీషాని లోపలికి రానివ్వలేదు. గాజు తలుపుకి ముఖం ఆనించి నిలబడ్డాడు. మాస్టారు రెండు చేతులూ శాలువా కింద దాచుకుని కూర్చుని, మెడ తిప్పి కుడి చెవి స్పీకరు వైపు పెట్టారు. ఇన్‌స్పెక్టరు లేవబోతే, "వైకల్యరీత్యా మెడ త్రిప్పుట అనుమతించడమైనది" అన్నారు కార్యదర్శి.

స్పూలు తిరిగింది. మొదట బేసు ఒక్కటే. చీకట్లో ఎవడో మేడమెట్లు ఎక్కుతున్నట్టు ఒక్కో తీగె మీటు. ఆ ఎక్కేవాడు తనే, ఇరవై రెండేళ్ళ ఏలీషా. తర్వాత వయొలిన్లు వచ్చాయి, ఊపిరి బిగబట్టినంత సన్నగా. ముగ్గురు హెడ్ కానిస్టేబుళ్ళు దూరంగా ఊదారు, ఓడ రేవులోకి వస్తున్నట్టు. ఇందులో హీరో లేడు, కారు లేదు, డైలాగు లేదు. ఎందుకు పరుగెత్తాడో తెలియని ఆ మనిషి ఎందుకు పరుగెత్తాడో ఇప్పుడు తెలిసిపోతోంది. భయపడి పరుగెత్తాడు. ఇంటికి పోవాలని పరుగెత్తాడు.

ఎనిమిదో నిమిషంలో తూనికల శాఖాయన మోకాలు కదలబోయింది. ఆయన టిఫిన్ క్యారియర్ దాని మీద పెట్టి రెండు చేతులా అదిమాడు. పక్కాయన ఫ్యాను రెక్కలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఇంకొకాయన తువ్వాలు కొస నోట్లో కుక్కుకున్నాడు. ఉద్యోగం పోతుందన్న భయం సామాన్యమైంది కాదు. భలే ఉందన్న ప్యూను గతి అందరికీ తెలుసు. సూట్‌కేసు తెరిచే చోట మొత్తం వాద్యబృందం ఒక్కసారిగా ఆగిపోయి, ఆ నిశ్శబ్దంలోంచి ఒక్క వేణువు లేచినప్పుడు వరహాలు గారు ఫైలు తెరిచి ముఖం దాచుకుంది. ఆ ఫైలు వెనక ఏం జరిగిందో ఇన్‌స్పెక్టరు పట్టించుకోలేదు. ఆయన కూడా రాయడం మానేసి చాలాసేపయింది. హాలులో ప్రతివాడూ పక్కవాడికి తెలియకుండా ఆనందిస్తూ, చచ్చేంత భయపడుతూ, కొయ్యబొమ్మల్లా కూర్చున్నారు.

మాస్టారు మాత్రం రెప్ప కూడా వేయలేదు. శాలువా కింద చేతులు ఏం చేస్తున్నాయో ఏలీషాకి తెలుసు. తనకి ఏడుపొచ్చింది. తలుపుకి ఇవతల ఉన్నాడు కాబట్టి నిబంధన వర్తించదని నిక్షేపంగా ఏడ్చాడు.

ముప్పై ఒక్క నిమిషాలూ అయ్యాయి. స్పూలు ఆగింది.

కార్యదర్శి గొంతు సవరించుకుని కాగితాలు పంచారు. "సదరు సంగీతము నాకు నచ్చలేదు" అని అచ్చు వేసి ఉంది. కింద చిన్న అక్షరాలతో "భిన్నాభిప్రాయమున్నచో" అని ఒక గీత. నలుగురూ సంతకాలు పెట్టారు. మాస్టారు ఎవర్నీ అడగకుండా అచ్చు వాక్యాన్ని కొట్టేసి, గీత మీద రాశారు: "చాలా బాగుంది."

చక్రధరబాబు గారు ఆ కాగితాన్ని మూడుసార్లు చదివారు. మెప్పు మధ్యలో పట్టుబడితే సీలు వేసి కాపాడొచ్చు. కాగితం మీదికెక్కాక కాపాడటానికి ఏమీ మిగలదు. పన్నెండో నిబంధన ప్రకారం కృతిని మండలి పరిధి నుంచి తీసేసి యజమానికి తిరిగి ఇచ్చేయాలి. ఆ నిబంధన ఆయనే రాశారు, ఎవరికీ అవసరం పడదన్న నమ్మకంతో.

"బధిరుని అభిప్రాయము సంగీత విషయమున చెల్లదు!"

వరహాలు గారు ఫైలు దించింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "సార్, ఈయన్ని రోస్టర్లో తీసుకున్నామండి. చెవిటాయనని అభిప్రాయం కొట్టేస్తే రేపు వికలాంగుల కమిషన్‌కి జవాబు మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

కార్యదర్శి నిబంధనల పుస్తకం తిరగేశారు. ఒక్క దారి మిగిలింది. కృతితో సంబంధమున్న శ్రోత అభిప్రాయం రద్దు, కృతి శాశ్వత ముద్రలోకి. ఆయన మాస్టారి కుడి చెవి దగ్గరకి వంగి, అనుమానంగా గట్టిగా అడిగారు. "ఇంత నచ్చుటకు కారణమేమి? ఈ సంగీతమును కూర్చినదెవరో తమరు ఎరుగుదురా?"

గాజు తలుపు ఇవతల ఏలీషా పిడి పట్టుకున్నాడు. యాభై రెండేళ్ళలో మాస్టారిని ఈ ప్రశ్న అడిగినవాడు లేడు. ఇప్పుడు అడిగారు, అదీ ప్రభుత్వ హోదాలో, ఆరుగురు సాక్షుల ముందు. తలుపు తోసుకుని వెళ్ళి నేను చెప్తానని అరవాలనిపించింది. మాస్టారు అటు చూసి కళ్ళతోనే ఆపారు. టేకులో తొందరపడేవాణ్ణి అలాగే ఆపేవారు.

"ఎరగకేమండీ," అన్నారు మాస్టారు. "సుందరకుమార్ గారు. మీ రికార్డులో ఉందిగా."

"వారితో తమకు సంబంధము?"

"ఏ సంబంధమూ లేదండి."

"లిఖితపూర్వకముగా ఇవ్వవలెను."

మాస్టారు పెన్ను తీసుకుని నెమ్మదిగా, గుండ్రటి అక్షరాలతో రాసిచ్చారు. ఈ సంగీతము శ్రీ బొల్లాప్రగడ సుందరకుమార్ గారు కూర్చినది. వారితో నాకెట్టి సంబంధము లేదు. నాకు చాలా నచ్చినది. రాయడం అయ్యాక పెన్ను మూత పెట్టి, జేబులో పెట్టుకోబోయి, అది ఆఫీసుదని గుర్తొచ్చి తిరిగిచ్చారు.

తూనికల శాఖాయన లేచి నిలబడ్డాడు. "సార్, నా కాగితం ఓసారి ఇలా ఇస్తారా? తొందరపడి సంతకం చేశాను." ఆయన వెనకే తువ్వాలాయన కూడా లేచాడు. కార్యదర్శి అందరినీ కూర్చోమని, ఆ మధ్యాహ్నమే ఉత్తర్వు రాయించారు: "సదరు కృతిని ఒక వ్యక్తి మెచ్చుకొని యున్నందున సంరక్షణ ఉపసంహరించడమైనది. ఇకపై ఎవరైనను వినవచ్చును."

బిస్కెట్ల డబ్బా చేతికిస్తూ వరహాలు గారు గొంతు తగ్గించింది. "బయటికెళ్ళిపోయిన సరుక్కి మా మిషను వాడకూడదని రూలు లేదండి. రేపు లంచ్ టైముకి తెండి. ఈ నలుగురూ కూడా వస్తామన్నారు."

బందరు రోడ్డు మీద ఆటో కోసం నిలబడ్డారిద్దరూ. ఏలీషా పొంగిపోవాల్సింది పోయి కుతకుతలాడిపోతున్నాడు. డబ్బాని గుండెకి అదుముకుని, ఆ కుడి చెవిలో రోడ్డంతా వినపడేలా అరిచాడు. "ఎంత పని చేశారు మాస్టారూ! మీ చేత్తో మీరే ఆ వెధవ పేరు రాసిస్తారా? ఇంక గవర్నమెంటు రికార్డులో కూడా వాడిదే అయిపోయింది గదా!"

మాస్టారు విన్నారో లేదో తెలియదు. శాలువా తీసి మడిచి భుజాన వేసుకున్నారు. ముప్పై ఒక్క నిమిషాలు బిగబట్టిన ముఖం ఇప్పుడు నెమ్మదిగా విచ్చుకుంటోంది.

"ఏమాటకామాట చెప్పుకోవాలయ్యా ఏలీషా," అన్నారు. "ఇన్నాళ్ళూ ఊరికే తిట్టుకున్నాం గాని, బావమరిది చాలా బాగా చేశాడు."